పక్కింటాయన కాన్ఫెడరేట్ సమాధి రాయి ఆవిష్కరణకి పిలిచాడు, వెళ్ళాలా వద్దా?

కమ్మింగ్_కిట్టు
ఆరేళ్ళుగా మా పక్కింట్లో ఉంటున్న పెద్దాయన, 78 ఏళ్ళు. ఇల్లు కొన్న కొత్తలో నాకు లాన్ మోవర్ స్టార్ట్ చేయడం నేర్పింది ఈయనే. మా ఆవిడకి నొప్పులొచ్చి అర్ధరాత్రి హాస్పిటల్‌కి పరిగెడితే, పెద్దదాన్ని తెల్లారేదాకా చూసుకుంది వాళ్ళావిడే. మొన్న మెయిల్‌బాక్స్ దగ్గర ఒక కాగితం చేతిలో పెట్టాడు. వాళ్ళ ముత్తాత అమెరికా అంతర్యుద్ధంలో కాన్ఫెడరేట్ సైనికుడట, అంటే దేశం నుంచి విడిపోయి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల పక్షం. ఇన్నాళ్ళూ సమాధి మీద పేరు లేని బండరాయే ఉందట. ఇప్పుడు పాలరాయి వచ్చింది, వారసుల సంఘం వాళ్ళు ఏప్రిల్‌లో ఒక శనివారం ఆవిష్కరిస్తున్నారు. బూడిద రంగు యూనిఫాంలు, పాత తుపాకులతో సెల్యూట్, ఆ తర్వాత చర్చి హాల్లో భోజనాలు. "పిల్లల్ని కూడా తీసుకురా" అన్నాడు.

మా ఆవిడ ససేమిరా అంటోంది. నాకు వెళ్ళకపోతే ఆయన ముఖం ఎలా చూడాలో తెలియట్లేదు, వెళ్తే నా ముఖం ఎలా చూసుకోవాలో తెలియట్లేదు. ఇక్కడ దక్షిణాది రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు చెప్పండి.

గోంగూర_గ్రిట్స్
చర్చి హాల్లో భోజనమంటే ఫ్రైడ్ చికెన్, పీచ్ కాబ్లర్. సెల్యూట్ అయిపోయాక వెళ్ళు.

ప్లానో_పద్మ
ఆ కాన్ఫెడరేట్ జెండా పక్కన నిలబడ్డ ఫొటో ఎవరో ఒకరు ఫేస్‌బుక్‌లో పెడతారు, సోమవారం ఆఫీసులో అందరూ చూస్తారు. పిల్లకి జ్వరం అని చెప్పేయండి.

హెచ్1బీ_హరి
ఇక్కడ మనమే అద్దెకున్నవాళ్ళం, ఇంటాయన తాతల గొడవలు మనకెందుకు? మూసుకుని ఉండటం మేలు.

కమ్మింగ్_కిట్టు
@హరి నాకు సిటిజెన్‌షిప్ వచ్చి నాలుగేళ్ళయింది బ్రదర్. ఓటేస్తున్నా, ఆస్తి పన్ను కడుతున్నా. అద్దె అని ఎన్నాళ్ళనుకోవాలి?

పాతచింతకాయ
ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. సమాధి మీద రాయి వేరు, కోర్టు ముందు విగ్రహం వేరు. రెంటినీ కలిపి మాట్లాడితే ఈ చర్చ తెగదు.

సమాధి రాయి సంగతి: చాలావరకు ఇవి అమెరికా ప్రభుత్వం ఇచ్చేవే. ఉత్తరాది జైళ్ళలో చనిపోయిన కాన్ఫెడరేట్ల సమాధుల్ని గుర్తించడానికి 1906లో చట్టం చేశారు, 1929లో దాన్ని మిగతా కాన్ఫెడరేట్ సైనికులకీ విస్తరించారు. ఇప్పుడు వెటరన్స్ శాఖ చూసుకుంటుంది. పాత మస్టర్ రోల్‌లో (సైనికుల పేర్ల పట్టీలో) పేరు చూపించి దరఖాస్తు పెడితే రాయి ఉచితంగా వస్తుంది. ప్రైవేటు సెమెట్రీలో పాతించే ఖర్చు మాత్రం కుటుంబానిది. 42 అంగుళాల పొడవు, 230 పౌండ్ల బరువు. యూనియన్ (ఉత్తరాది పక్షం) సైనికుడి రాయికి పైన గుండ్రంగా ఉండి డాలు బొమ్మ చెక్కుతారు. కాన్ఫెడరేట్ రాయికి పైన కోసుగా, త్రికోణంలా ఉంటుంది.

ఎందుకు కోసుగా అంటే, యాంకీలు (ఉత్తరాదివాళ్ళు) వచ్చి దానిమీద కూర్చోకుండా ఉండటానికని ఇక్కడి ముసలాళ్ళు చెప్తారు. ఉత్త కబురే, కానీ ప్రతి సెమెట్రీలో ఒకాయన చెప్పి తీరతాడు.

విగ్రహాలది వేరే కథ. యుద్ధం 1865లో అయిపోయింది. వారసుల సంఘాల్లో యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ 1894లో పుట్టింది, సన్స్ ఆఫ్ కాన్ఫెడరేట్ వెటరన్స్ 1896లో. కోర్టుల ముందున్న విగ్రహాల్లో ఎక్కువ భాగం 1890ల నుంచి 1920ల మధ్య లేచాయి. సరిగ్గా అవే రోజుల్లో నల్లవాళ్ళ ఓటు హక్కు ఊడగొట్టి, రైల్లో, బడిలో, మంచినీళ్ళ కుళాయి దగ్గర వేరు చేశారు. ఓటెయ్యడానికి కోర్టు మెట్లెక్కబోయే నల్లమనిషికి ఎదురుగా ఆ విగ్రహం. చచ్చిపోయినవాళ్ళని తలుచుకోవడానికే అయితే సెమెట్రీ సరిపోయేది.

గోంగూర_గ్రిట్స్
కోసు రాయి కబురు మా ఆఫీసులో ఒకాయన నాకు కనీసం ఐదుసార్లు చెప్పాడు, ప్రతిసారీ కొత్తగా.

మేకన్_మామ
పాతచింతకాయ గారు చెప్పింది నిజమే గానీ కథ అంతటితో అయిపోదు. నేను జార్జియాలో 31 ఏళ్ళుగా ఉన్నాను. సమాధిలో ఉన్నది కాన్ఫెడరేట్ సేనాని జనరల్ లీ కాదు, ఎవరో చెప్పుల్లేని రైతు కుర్రాడు. 1862 ఏప్రిల్‌లో కాన్ఫెడరసీ నిర్బంధ సైనిక చట్టం తెచ్చింది, రానంటే పట్టుకుపోయారు. ఆ అక్టోబర్‌లోనే, 20 మంది బానిసలున్న తోటకి ఒక తెల్లవాణ్ణి యుద్ధం నుంచి మినహాయించారు. అంటే డబ్బున్నవాడు ఇంట్లో, లేనివాడు కందకంలో. అలాంటివాడికి 160 ఏళ్ళ తర్వాత మునిమనవడు ఒక రాయి వేయించుకుంటే మనకేం పోయింది? మనం తద్దినం పెట్టేటప్పుడు తాత చేసిన పాపాల జాబితా చదువుతామా?

డెకాటూర్_దేవి
తద్దినం ఇంట్లో పెట్టుకుంటాం మామగారూ, తుపాకులు పేల్చి ఊరందరినీ పిలవం.

మేకన్_మామ
ఊరందరినీ పిలిచి భోజనాలు పెడతాం కదమ్మా. తుపాకులు మాత్రం లేవు, ఒప్పుకుంటా.

పల్నాటి_పౌరుషం
మా కారంపూడిలో వీరుల గుడి ఉంది. ఏటా కార్తీక మాసంలో వీరుల ఆయుధాలు తెచ్చి పూజలు చేస్తారు, ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అదీ అన్నదమ్ముల యుద్ధమే. మనం చేస్తే సంప్రదాయం, వీళ్ళు చేస్తే తప్పా?

డెకాటూర్_దేవి
పల్నాటి యుద్ధం మనుషుల్ని సంతలో అమ్ముకునే హక్కు కోసం జరిగిందా? అన్ని కులాలనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని చెప్పుకునే బ్రహ్మనాయుడితో వీళ్ళకి పోలికా?

పల్నాటి_పౌరుషం
చాపకూడు తెస్తే నేనేం మాట్లాడను. సరెండర్.

మేకన్_మామ
యుద్ధం బానిసత్వం కోసమేనని అంత తేలిగ్గా చెప్పేయకండి. సుంకాలు, రాష్ట్రాల హక్కులు, చాలా ఉన్నాయి. ఇంకో సంగతి, 1958 చట్టం ప్రకారం కాన్ఫెడరేట్ సైనికులు కూడా అమెరికా వెటరన్లే. లెక్క ప్రకారం వాళ్ళకి గౌరవం ఇవ్వాల్సిందే.

పాతచింతకాయ
మామగారూ, రెండూ తప్పే.

1958 చట్టం పింఛన్ల కోసం. అప్పటికి మిగిలిన కాన్ఫెడరేట్ సైనికుల వితంతువులకీ, బతికున్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకీ యూనియన్ వాళ్ళతో సమానంగా పింఛను ఇమ్మంది. వాళ్ళని అమెరికా సైనికులుగా మార్చలేదు. వాట్సాప్‌లో తిరిగే ముక్క అది.

ఇక రాష్ట్రాల హక్కులు. ఏం చేసే హక్కు? వాళ్ళ కాగితాలే చదవండి. మిసిసిపీ విడిపోతూ రాసుకున్న ప్రకటనలో, తమ వైఖరి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని రెండో వాక్యంలోనే రాసింది. కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ మీ జార్జియావాడే. 1861 మార్చి 21న సవానాలో ఇచ్చిన ఉపన్యాసంలో, నల్లవాడు తెల్లవాడితో సమానం కాదన్నదే తమ ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. దాన్ని మూలరాయి ఉపన్యాసం అనే పిలుస్తారు. సుంకాల కోసమని మనం సాకు వెతుకుతున్నాం గానీ వాళ్ళు అప్పుడు మొహమాటపడలేదు.

ఆస్టిన్_అత్తగారు
మూలరాయి అంటే గుర్తొచ్చింది. మా టెక్సస్ కాపిటల్ (రాష్ట్ర శాసనసభ) భవనంలో ఒక ఫలకం ఉండేది. 1959లో పెట్టారు. అందులో ఆ యుద్ధం తిరుగుబాటు కాదు, దాని అసలు కారణం బానిసత్వం కాదు అని రాసుండేది. ఇండియా నుంచి ఎవరొచ్చినా మేము కాపిటల్ చూపించేవాళ్ళం, ఆ గోడ పక్కనుంచే నడిచేవాళ్ళం. గోపురం చూస్తూ మెడ నొప్పి తెచ్చుకున్నాం గానీ ఆ ఫలకం ఒక్కసారీ చదవలేదు. 2019 జనవరిలో తీసేశారని వార్తల్లో వస్తే అప్పుడు తెలిసింది. మా మనవడు "అమ్మమ్మా, దానిముందు నీ ఫొటో ఉంది" అని వెతికి తీశాడు. నిజంగానే ఉంది, నవ్వుతూ ఉన్నాను.

రిచ్‌మండ్_రాజు
అత్తగారూ మీరే కాదు. మా అమ్మ వచ్చినప్పుడు మాన్యుమెంట్ అవెన్యూలో లీ విగ్రహం చూపించా. 1890లో పెట్టింది, గుర్రం మీద, దిమ్మెతో కలిపి ఆరంతస్తుల ఎత్తు. "ఎవర్రా ఈయన" అంది. యుద్ధంలో ఓడిపోయిన జనరల్ అన్నా. "ఓడిపోతేనే ఇంత విగ్రహమా, గెలిచుంటే ఎక్కడ పెట్టేవాళ్ళు" అంది. 2021 సెప్టెంబర్ 8న దాన్ని దింపుతుంటే వెళ్ళి చూశాను. వర్జీనియాలో 2020లో చట్టం మార్చబట్టి స్థానిక ప్రభుత్వాలు వాళ్ళ విగ్రహాలు వాళ్ళు తీసేసుకున్నాయి. లీది రాష్ట్ర ప్రభుత్వం ఆస్తి, దానికి వేరే కోర్టు గొడవ నడిచింది. మీ జార్జియాలో అంత తేలిక కాదు, అక్కడ చట్టం విగ్రహాల వైపే ఉంది.

చాపెల్‌హిల్_చందు
నేను యూఎన్‌సీలో (నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం) చదివేటప్పుడు రోజూ సైలెంట్ సామ్ అనే కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహం పక్కనుంచే లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. ఎవరో పాపం యుద్ధంలో పోయిన విద్యార్థులకి గుర్తు అనుకున్నా. తర్వాత 1913లో దాని ఆవిష్కరణ సభలో జూలియన్ కార్ అనే మాజీ కాన్ఫెడరేట్ సైనికుడు, వ్యాపారి ఇచ్చిన ఉపన్యాసం చదివా. ఈ విగ్రహానికి వంద గజాల దూరంలోనే, ఒక తెల్లావిడని అవమానించిందని ఒక నల్ల ఆడమనిషిని బట్టలు చిరిగిపోయేలా గుర్రపు కొరడాతో కొట్టానని గొప్పగా చెప్పుకున్నాడు. విద్యార్థులూ, ఇతర నిరసనకారులూ కలిసి 2018 ఆగస్టులో దాన్ని పడగొట్టారు. ఆ తర్వాత విశ్వవిద్యాలయం వైపు నుంచి విగ్రహంతోపాటు 25 లక్షల డాలర్ల నిధి సన్స్ సంఘానికి ఇచ్చేలా ఒప్పందం చేసుకున్నారు, జడ్జి కొట్టేశాడు.

అందుకే నా సలహా: ఆవిష్కరణలో ఎవరేం మాట్లాడతారో కనుక్కో. రాయి ఏమీ అనదు, మైకు పట్టుకున్నవాడే అంటాడు.

కమ్మింగ్_కిట్టు
చందూ, మంచి పాయింట్. కాగితంలో "మన పూర్వీకులు పోరాడిన న్యాయమైన లక్ష్యం" అని ఒక ఉపన్యాసం ఉంది. కింద ఇనుప శిలువ బొమ్మ, లాటిన్‌లో "దేవో విందిచే" అని. అంటే ఏంటి?

పాతచింతకాయ
దేవుడే మన తరఫున న్యాయం తేలుస్తాడు అని. కాన్ఫెడరసీ ముద్ర మీది మాట. ఆ శిలువని సదరన్ క్రాస్ ఆఫ్ ఆనర్ అంటారు, 1900 నుంచి డాటర్స్ వాళ్ళు ముసలి సైనికులకి పతకంగా ఇచ్చేవాళ్ళు. సమాధుల దగ్గర కనిపించే ఇనుప శిలువ దాని పెద్ద రూపం. వెటరన్స్ శాఖ రాయి మీద కూడా అడిగితే చెక్కుతారు.

ప్లానో_పద్మ
నేను ముందే చెప్పా, జ్వరం.

కాకినాడ_కాజా
కాస్త పక్కదారి. ఈ యుద్ధం వల్ల మన ఊళ్ళు కూడా ఊగాయని ఎంతమందికి తెలుసు? లీ వాళ్ళ రేవులన్నీ లింకన్ నౌకలు మూసేస్తే ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకి పత్తి ఆగిపోయింది. ఇండియా పత్తి మీద పడ్డారు, ధరలు ఆకాశానికెళ్ళాయి. గుంటూరు వైపు పత్తి మా రేవు నుంచే పోయేది, వ్యాపారంలో దాని పేరే "కోకనాడ" పత్తి. 1865లో యుద్ధం ఆగగానే ధర దబ్బున పడింది, అప్పులు చేసి పండించినవాళ్ళు మునిగారు. బానిసలు తీసిన పత్తి ఆగితే మన రైతుకి నాలుగు రూపాయలు, అది మళ్ళీ మొదలైతే అప్పు. మనకేం సంబంధం అన్న హరి గారికి అంకితం.

హెచ్1బీ_హరి
మళ్ళీ నేనేనా. సరే, ఒప్పుకున్నా, సంబంధం ఉంది. అయినా వెళ్ళనక్కర్లేదు.

లేనియర్_లాహిరి
కిట్టు గారూ, మీరు కమ్మింగ్‌లో ఉంటున్నారు కాబట్టి అడుగుతున్నా. మన ఫోర్సైత్ కౌంటీ సంగతి తెలుసా? నాకు మొదటి ఐదేళ్ళు తెలియదు. మంచి స్కూళ్ళు అని వచ్చాం, గుడి దగ్గర, ఇండియన్ స్టోర్ దగ్గర.

1912 సెప్టెంబర్‌లో ఒక తెల్లమ్మాయి మీద దాడి జరిగింది. రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్ల యువకుణ్ణి కమ్మింగ్ జైల్లోంచి లాగి చంపి, ఊరి నడిబొడ్డున వేలాడదీశారు. తర్వాత ఇద్దరు కుర్రాళ్ళకి విచారణ జరిపి ఉరేశారు. ఆ పైన రాత్రిపూట గుర్రాల మీద తిరిగి, ఇళ్ళూ చర్చిలూ తగలబెట్టి, కౌంటీలో ఉన్న దాదాపు 1,100 మంది నల్లవాళ్ళని వెళ్ళగొట్టారు. కొంతమంది భూముల్ని అడ్డగోలుగా కలిపేసుకున్నారు. 70 ఏళ్ళకి పైగా ఇది తెల్లవాళ్ళ కౌంటీయే. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హొసియా విలియమ్స్ ఊరేగింపు తీస్తే రాళ్ళేశారు, వారం తర్వాత దాదాపు 20,000 మంది వచ్చి నడిచారు. నేను 1987లో విజయవాడలో ఏడో తరగతి. మరీ పాత కాలం కాదు.

2021లో కమ్మింగ్‌లో రాబ్ ఎడ్వర్డ్స్ హత్య గురించి ఒక ఫలకం పెట్టారు. వెళ్ళి చదవండి, పది నిమిషాల పని. ఆ పెద్దాయన్ని కూడా తీసుకెళ్ళండి. ఇంకోటి, మనం బోటింగ్‌కి వెళ్ళే లేనియర్ సరస్సు పేరు సిడ్నీ లేనియర్ అనే కవిది. ఆయన కూడా కాన్ఫెడరేట్ సైనికుడే. అలా వెళ్ళిపోవాల్సి వచ్చిన నల్లవాళ్ళు బతికిన ఆస్కార్‌విల్ ప్రాంతంలో కొంత ఆ నీళ్ళ కిందే ఉంది.

గోంగూర_గ్రిట్స్
పోయిన వారమే అక్కడ పిల్లల బర్త్‌డే చేశాం. ఇంక జోకులేసే మూడ్ లేదు.

కమ్మింగ్_కిట్టు
లాహిరి గారూ, ఫలకం ఉందని కూడా తెలియదు. ఆ సందులోంచే డ్రైవర్ లైసెన్స్ పనికి నాలుగుసార్లు వెళ్ళా.

మేకన్_మామ
దీనిమీద నేను వాదించను. కానీ అది 1912, ఆ ముత్తాత 1862. అందరినీ ఒకే గాటన కట్టకండి. ఐరీన్ ట్రిప్లెట్ గురించి విన్నారా? నార్త్ కరోలినా ఆవిడ, 2020లో చనిపోయేదాకా అంతర్యుద్ధం పింఛను నెలకి 73 డాలర్ల 13 సెంట్లు తీసుకుంది. వాళ్ళ నాన్న మోస్ ట్రిప్లెట్ ముందు కాన్ఫెడరేట్, తర్వాత పారిపోయి యూనియన్‌లో చేరాడు. 83 ఏళ్ళప్పుడు ఈవిడ పుట్టింది. ఆయన సమాధికి రాయి వేస్తే గుండ్రంగా వేయాలా, కోసుగా వేయాలా? మనుషులు ఇలాగే ఉంటారు.

రిచ్‌మండ్_రాజు
83కా!

గోంగూర_గ్రిట్స్
మామ చెప్పిన దాంట్లో రాజుకి అదొక్కటే వినపడింది.

డెకాటూర్_దేవి
నేను కాస్త పెద్దది రాస్తా, విసుక్కోకండి. మా పెద్ద కోడలు నల్లమ్మాయి. మనవరాలు పుట్టాక వంశవృక్షం గీద్దామని కూర్చున్నాం. మావైపు ఏడు తరాలు మా మామగారు నోటితో చెప్పేశారు, గోత్రంతో సహా. కోడలి వైపు 1870 దగ్గర ఆగిపోయింది. 1870 జనగణన దాకా వాళ్ళ పేర్లు రాయలేదు. 1850, 1860లో బానిసల జాబితాలు వేరే ఉంటాయి. వాటిలో యజమాని పేరు, దానికింద వయసు, ఆడా మగా, రంగు. అంతే. కోడలు ఒక గీత మీద వేలు పెట్టి, "ఈ 9 ఏళ్ళ మగపిల్లాడు మా తాత తాత అయ్యుండొచ్చు" అంది. అయ్యుండొచ్చు, అంతకుమించి చెప్పలేదు.

కాబట్టి ముత్తాతకి రాయి వేయడం తప్పని నేననను. వేసుకోనివ్వండి. 160 ఏళ్ళ తర్వాత కూడా ఆయన పేరు, దళం పేరు కాగితంలో దొరికాయి, సర్కారు ఖర్చుతో పాలరాయి దొరికింది. దాన్ని "న్యాయమైన లక్ష్యం" అంటే మాత్రం నేను అక్కడ కూర్చుని చికెన్ తినలేను.

మా డెకాటూర్ కోర్టు ముందు 1908 నాటి స్తంభం ఉండేది. రాష్ట్ర చట్టం తీయనివ్వకపోతే 2019లో పక్కన వివరణ ఫలకం పెట్టారు. 2020 జూన్‌లో జడ్జి ఆర్డర్‌తో రాత్రికి రాత్రి తీసేశారు. ఇప్పుడక్కడ పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ విగ్రహం ఉంది. మనవరాలు దానికింద ఐస్‌క్రీం తింటుంది.

మేకన్_మామ
దేవిగారూ, మీ మొదటి పేరా రెండుసార్లు చదివా.

కమ్మింగ్_కిట్టు
అప్‌డేట్. జ్వరం అబద్ధం చెప్పలేదు, పద్మ గారు క్షమించాలి. ఆయన్నే అడిగా. శనివారం రాలేను, ఆ ఉపన్యాసం నాకు ఇబ్బంది, ఇంకో రోజు మీరొక్కరే తీసుకెళ్ళి చూపిస్తారా అన్నా. కాసేపు టోపీ తీసి తుడుచుకున్నాడు. "ఉపన్యాసం నాకూ పొడుగే" అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు.

ప్లానో_పద్మ
మీరు పెద్ద సత్యహరిశ్చంద్రుడు. మళ్ళీ లాన్ మోవర్ ఇస్తాడో లేదో.

కమ్మింగ్_కిట్టు
నిన్న ఆదివారం వెళ్ళొచ్చాం, నేనూ ఆయనే. కమ్మింగ్ నుంచి గంట దూరం, చిన్న బాప్టిస్ట్ చర్చి వెనకాల. రాయి తెల్లగా మెరుస్తోంది, పైన కోసు. యాంకీలు కూర్చోకుండా అని చెప్పాడు (పాతచింతకాయ గారికి నమస్కారం). ముత్తాత 22 ఏళ్ళకి వెళ్ళి, ఒక కాలు లేకుండా తిరిగొచ్చాడట. ఆ కాలు గురించే ఇంట్లో కథలు, మిగతావి ఎవరూ చెప్పలేదట.

సెమెట్రీ చివర కంచె అవతల చెట్ల కింద నేలంతా నీలం పూల తీగ అల్లుకుని ఉంది, మధ్యలో అక్కడక్కడా మోకాలెత్తు రాళ్ళు, రాతల్లేవు. అవేంటని అడిగా. "చిన్నప్పుడు అక్కడ ఆడుకోవద్దని మా నాన్న కొట్టేవాడు. ఎందుకో చెప్పలేదు" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు దారంతా రేడియో కూడా పెట్టలేదు.

దేవిగారూ, రాత్రి కూర్చుని 1860 జాబితా తీశా. ఆ కౌంటీలో వాళ్ళ ఇంటిపేరుతో ఒకాయన ఉన్నాడు. కిందన నాలుగు గీతలు: 34 ఆడ, 30 మగ, 11 ఆడ, 2 మగ. ఈయన తాతల తాలూకో, ఇంటిపేరు కలిసిన వేరేవాళ్ళో తెలియదు. ప్రింట్ తీశా. ఇవ్వాలా?

హెచ్1బీ_హరి
ఇవ్వకు బాబూ. 78 ఏళ్ళు.

మేకన్_మామ
ఇవ్వు. 78 ఏళ్ళు కాబట్టే. ఇంకెప్పుడు తెలుసుకుంటాడు?

డెకాటూర్_దేవి
ముందు వాళ్ళదో కాదో తేల్చు, ముత్తాత తండ్రి పేరు అడిగితే తెలిసిపోతుంది. తప్పు కాగితం ఇవ్వకు. ఆ నీలం పూల తీగ పెరివింకిల్, పాత బానిస సమాధుల మీద తరచూ కనిపిస్తుంది. శుభ్రం చేద్దామని పీకొద్దు, రాళ్ళు కదపొద్దు, కదిపితే ఎవరు ఎక్కడున్నారో తెలిసే గుర్తు పోతుంది. మా కోడలు వాళ్ళ గ్రూపు ఇలాంటి చోట్ల చిన్న జెండాలు పాతి మ్యాపు గీస్తారు. చర్చి వాళ్ళ అనుమతి కావాలి.

కమ్మింగ్_కిట్టు
చర్చిలో ఆయన మాటే చెల్లుతుంది. రేపు మోవర్ బ్లేడు పదును పెట్టడానికి వస్తానన్నాడు. తండ్రి పేరు అప్పుడు అడుగుతా.

గోంగూర_గ్రిట్స్
ఏప్రిల్ అంటే పాయిజన్ ఐవీ (తాకితే దురద పుట్టే తీగ) మొదలు. ఆ చెట్ల కిందకి వెళ్ళేటప్పుడు ఫుల్ ప్యాంటు వేసుకోండి.